సెల్‌ఫోన్ జాడ – వ్యక్తి గోప్యత

విజయవాడ నుండి గన్నవరం పోయే జాతీయ రహదారి రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి గ్రామాల మీదుగా సాగుతుంది. ఆ దారిన బస్సులో వెళ్లే విద్యార్థి తన సెల్‌ఫోనును సంచిలోనుండి తీయకపోవచ్చు, ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. ఫోను మాత్రం ఊరకుండదు. దారి పొడవునా ఉన్న టవర్లలో ఏది బలమైన సంకేతాన్ని పంపుతున్నదో వెదకి, ఒకదానిని విడిచి మరొకదానిని పట్టుకొంటూ పోతుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఫోను ఏ టవరు పరిధిలో ఉన్నదో తెలియకపోతే, దానికి వచ్చే పిలుపును ఎక్కడికి పంపాలో కంపెనీకి తెలియదు. పిలుపు అందాలంటే జాడ తెలియాలి. చిక్కు మొదలయ్యేది ఆ జాడను రాసి ఉంచుకొన్నప్పుడే.

పట్టణాలలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఫోను ఉన్న చోటు కొన్ని వందల మీటర్ల తేడాతో తెలుస్తుంది. వరిపొలాల నడుమ ఉన్న పల్లెలలో ఆ తేడా కిలోమీటర్లకు పెరుగుతుంది. ఇంతకన్నా కచ్చితమైన జాడను తెలిపేది జీపీఎస్. దీనిని గురించి ఒక అపోహ బాగా వ్యాపించి ఉన్నది. ఆకాశంలోని ఉపగ్రహం మనిషిని కనిపెట్టి చూస్తున్నదని చాలామంది తలుస్తారు. నిజానికి ఉపగ్రహానికి ఫోను సంగతే తెలియదు. ఉపగ్రహాలు పంపే సంకేతాలను గ్రహించి ఫోనే తన స్థానాన్ని లెక్కగట్టుకొంటుంది. ఆ లెక్కను ఇతరులకు చేరవేసేవి ఫోనులోని యాప్‌లు. వాటిలో చాలావాటికి అనుమతి ఇచ్చినది, చదవకుండానే ‘సరే’ అని నొక్కిన యజమాని వేలే.

ఒక పూట జాడ వల్ల తెలిసేది స్వల్పం. నెలల తరబడి జాడలను వరుసగా పేర్చి చూస్తే మాత్రం, ఆ వ్యక్తి రాత్రులు ఎక్కడ నిద్రించాడో, ఏ వైద్యుని దగ్గరకు పదేపదే వెళ్లాడో, ఏ ప్రార్థనాలయానికి, ఏ సభకు హాజరయ్యాడో చెప్పవచ్చు. అతడు ఎవరికీ చెప్పుకోని విషయాలను అతడి అడుగులే చెప్పివేస్తాయి.

కృష్ణాతీరానికి ఈ ప్రశ్న 2020లో ముఖాముఖిగా ఎదురైనది. ఆ సంవత్సరం మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించసాగినప్పుడు, విదేశాలనుండి వచ్చినవారిని ఇంటిపట్టున ఉండవలసిందిగా ప్రభుత్వం ఆదేశించింది. వారిలో దాదాపు 25 వేల మంది ఫోన్ల జాడను, టెలికాం కంపెనీల సహకారంతో, ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ యంత్రాంగం గమనించసాగింది. ఇంటినుండి 100 మీటర్లు దాటిపోతే అధికారులకు హెచ్చరిక అందే ఏర్పాటు అది. వ్యాధి సోకినట్లు తేలినవారు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగారో టవర్ల వివరాలను బట్టి తెలుసుకొనే మరో సాధనాన్ని కూడా ఉపయోగించారు.

ప్రాణాలను కాపాడాలన్న ఆ లక్ష్యాన్ని తప్పుపట్టనవసరం లేదు. అయితే టవరు లెక్కలోనే వందల మీటర్ల తేడా ఉండగా, 100 మీటర్ల గీతను దానితో గీయబోతే, మంచంమీద పడుకొన్నవాడు కూడా గీత దాటినట్లు కనిపించవచ్చు. అంతకన్నా పెద్ద లోటు మరొకటి. వ్యక్తిగత సమాచార రక్షణకై అప్పటికి దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. సేకరించిన జాడను ఎవరు చూడాలి, ఎన్నాళ్లకు చెరిపివేయాలి అన్న ప్రశ్నలకు చట్టంలో సూటియైన జవాబు లేకుండానే గమనింపు మొదలైనది.

చట్టం లేకున్నా హక్కు ఉన్నది. 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానం, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా, గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి వ్యాజ్యంలో ఏకగ్రీవంగా ప్రకటించింది. తెలుగునాటి వ్యాజ్యం ఒకటి దీనికి ముందే బాట వేసింది. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, బ్యాంకులలోని ఖాతాదారుల పత్రాలను సైతం సోదా చేసే అధికారాన్ని ఇచ్చింది. రాష్ట్ర హైకోర్టు దానిని కొట్టివేయగా, 2004లో సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును సమర్థిస్తూ, గోప్యత చోటుకు కాక మనిషికి చెందినదని వివరించింది. పత్రాన్ని బ్యాంకులో ఉంచినంతమాత్రాన దానిమీద మనిషికి గల గోప్యత నశించదు. జాడ టెలికాం కంపెనీ చేతిలో ఉన్నంతమాత్రాన అది అందరి సొత్తు అయిపోదని వాదించేవారికి ఈ సూత్రమే ఆధారం.

అమెరికాలోనూ ఇదే వాదం నెగ్గింది. దోపిడీ కేసులో నిందితుడైన కార్పెంటర్ అనే వ్యక్తికి సంబంధించి 127 రోజుల టవరు వివరాలను, అంటే 12,898 జాడలను, పోలీసులు వారంటు లేకుండా సంపాదించారు. అది చెల్లదని ఆ దేశపు సుప్రీంకోర్టు 2018 జూన్‌లో తీర్పు చెప్పింది. మన న్యాయస్థానం 2024 జులైలో మరొక అడుగు వేసింది. బెయిలుపై విడుదలైనవాడు గూగుల్ మ్యాప్‌లో తన స్థానాన్ని దర్యాప్తు అధికారికి తెలిసేలా ఉంచాలన్న షరతు చెల్లదన్నది. నేరారోపణ ఎదుర్కొంటున్నవాడికే ఈ రక్షణ ఉండగా, ఏ ఆరోపణా లేనివాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం రూపొందింది. సమ్మతి తీసుకొనే సమాచారాన్ని వాడాలన్నది దానిలోని ముఖ్య నియమం. కాని దేశభద్రత, శాంతిభద్రతలవంటి కారణాలపై ప్రభుత్వసంస్థలకు విస్తృతమైన మినహాయింపులు ఇచ్చే వీలును కూడా ఆ చట్టమే కల్పించింది. తలుపు బిగించి కిటికీ తెరిచి ఉంచినట్లయిందని విమర్శకులు అనడంలో కొంత న్యాయం లేకపోలేదు.

ప్రభుత్వం సంగతి అటుంచితే, నేడు జాడను అడిగేవారిలో ఇంటివారే ఎక్కువ. రాత్రివేళ రైలు దిగి ఒంటరిగా ఇంటికి వచ్చే కుమార్తె ఎక్కడున్నదో తెలుసుకోవాలని తల్లి కోరడం సహజం. ఆపదవేళ ఫోను ద్వారా పోలీసులకు స్థానం తెలిపేందుకే 2020లో రాష్ట్ర పోలీసు శాఖ ‘దిశ’ యాప్‌ను ప్రవేశపెట్టింది. అక్కడ జాడను పంపేది ఆపదలో ఉన్న మనిషి. పంపవలసిన క్షణాన్ని నిర్ణయించేదీ ఆమే. కుమార్తెకు తెలియకుండా ఆమె ఫోనులో రహస్యంగా యాప్‌ను అమర్చి ఏడాది పొడవునా గమనించడం అటువంటిది కాదు. వాట్సాప్‌లో కదిలే స్థానాన్ని పంచుకోదలచినవారికి 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు గడువులు కనిపిస్తాయి. స్టేషను నుండి ఇంటికి చేరడానికి గంట గడువు చాలు. అది ముగియగానే జాడ పంచుకోవడం దానంతటదే ఆగిపోతుంది.