సముద్రగర్భ వైద్యుని వెదకుట ఎట్లు?

ముదగల్లు కోటకును సముద్రమునకును సంబంధమేమని తలిదండ్రులు నవ్వవచ్చును. మనది కృష్ణా తుంగభద్రల నడిమి సీమ. మన పిల్లలలో పెక్కుమంది సముద్రమును పటములోనే చూచియున్నారు. ఐనను కొన్ని ఏండ్ల క్రిందట మన బడిలో చదివిన యువకుడొకడు పడమటి కోస్తాలో మునుగు పనికి కుదిరెను. లోతునీటిలో ఇనుప కట్టడములను మరమ్మతు చేయుట అతని పని. ఒకనాడు యజమాని తొందరపెట్టగా వేగముగా పైకి వచ్చి, ఆ సాయంకాలమే బస్సెక్కి ఘాట్లు దాటి ఇల్లు చేరెను. మోకాళ్లలో పోటు, కాళ్లలో తిమ్మిరి. ఇంటివారు వాతమని తలచి నూనె మర్దించిరి. మూడవనాటికి గోడ పట్టుకొననిదే అడుగు పడలేదు.

ఇది వాతము కాదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు పీడనము అదనముగా చేరును. ఆ పీడనమున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమందును కొవ్వునందును కరగియుండును. మెల్లగా పైకి వచ్చినచో ఊపిరితో వెడలిపోవును. హఠాత్తుగా వచ్చినచో గోలీసోడా కొట్టినప్పటివలె బుడగలు లేచును. ఈ సంగతిని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ నిరూపించెను. 1908లో హాల్డేన్ అంచెలంచెలుగా పైకి వచ్చు పట్టికలను ప్రకటించెను. ఎత్తునకు పోయినకొలది బయటి పీడనము తగ్గి బుడగలు ఉబ్బును. మన ఊరు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైననే యున్నది; ఘాట్లు ఎక్కిన ఆ ప్రయాణమే అతనికి మరింత కీడు చేసెను.

వైద్యుని కొరకు నేను ఫోనులో విచారింపగా ఒకరు ఎముకల డాక్టరనిరి, మరొకరు నరముల డాక్టరనిరి. తుదకు నౌకాదళమున పనిచేసి విశ్రాంతి గొన్న డాక్టరొకరు, “డాక్టరు పేరు అడుగవద్దు మాస్టారూ, హైపర్‌బారిక్ ఛాంబర్ ఉన్నదా యని అడుగుడు” అనిరి. అది గట్టి తలుపుల గది. అందు పీడనమును పెంచి రోగిచే శుద్ధమైన ప్రాణవాయువును పీల్పింతురు. బుడగలు చిన్నవై కరగును.

ఈ శాస్త్రమునకు మన దేశమున పుట్టినిల్లు నౌకాదళము. ముంబాయిలోని అశ్విని ఆసుపత్రి చెంత ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేవల్ మెడిసిన్ కలదు. మెరైన్ మెడిసిన్ అను ఎం.డి. పట్టము అచ్చటిదే. తెలుగువారి విశాఖపట్టణము జలాంతర్గాముల రేవు. నౌకాదళమువారి కల్యాణి ఆసుపత్రియు అచ్చటనే యున్నది. గజ ఈతగాండ్రకు ఆధారమైన నిస్తార్ నౌక 2025 జూలైలో అక్కడనే దళమున చేరినది. పెద్ద నగరములలోని కొన్ని ప్రైవేటు ఆసుపత్రులలోను ఈ గదులు గలవు. డాక్టరు ఈ విద్యను ఎచ్చట నేర్చెను, మునుగువారికి చికిత్స చేసియున్నాడా, గది నడుచునప్పుడు దగ్గర ఉండునా యని మొగమోటము లేక అడుగవలెను. ఆరోగ్యము, అందము అని చెప్పి గుడ్డసంచి వంటి గదులలో కూర్చుండబెట్టు దుకాణములు వేరు. ఈ వ్యాధికి అవి చాలవు.

గది దూరమైనను కాలయాపన తగదు. 108కు పిలిచి, రోగిని వెల్లకిల పరుండబెట్టి, దగ్గరి ఆసుపత్రిలో మాస్కు ద్వారా ప్రాణవాయువు పెట్టించి, అచ్చటి డాక్టరుచేతనే గది గల ఆసుపత్రికి మాట్లాడింపవలెను. ఎంత లోతు, ఎంతసేపు, ఎప్పుడు పైకి వచ్చెను, బాధ ఎప్పుడు మొదలైనది అను నాలుగు సంగతులు కాగితముపై వ్రాసి యుంచుడు. మన పిల్లలు బజారులో కన్నడమును ఉర్దూను చక్కగా మాట్లాడుదురు గాని, నొప్పిని తల్లిభాషలోనే చెప్పుదురు. తిమ్మిరికిని మొద్దుబారుటకును గల భేదమును డాక్టరునకు తెలియజెప్పువాడొకడు వెంట నుండవలెను.

మధుమేహమున మానని కాలిపుండ్లు కొన్నింటికిని, బొగ్గుకుంపటి పొగ విషమునకును ఈ గది ఉపకరించును. అయితే ఊపిరితిత్తి చుట్టు గాలి చేరియున్నవారిని, ఆ గాలి తీయక మునుపు అందు పంపరాదు.

ఆ యువకుడు ఆలస్యముగా పోయినను ఆరు పర్యాయములు గదిలో కూర్చుండెను. నడక తిరిగి వచ్చినది. ఎడమకాలి బొటనవ్రేలికి మాత్రము నేటికిని స్పర్శ తెలియదు.