ఎలాంటి భయం?

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు ‘సంతోషం’ మీద పది వాక్యాలు రాసుకురమ్మన్నారు. రాత్రి తొమ్మిది దాటింది. పిల్లకి కళ్లు మూతలు పడుతున్నాయి. పని తెమిలిపోతుందని ‘అనిర్వచనీయమైన ఆనందం’ అని నేనే చెప్పి రాయించాను. మర్నాడు దానికి అర్థమేమిటని టీచరు అడిగితే తల వంచుకుని నిలబడిందట. తప్పు నాది. ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, “అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బస్సు దిగినప్పుడు నీకు ఎలాంటి సంతోషం?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “కాళ్లు ఆగని సంతోషం” అంది.

ముందురోజు రాత్రి నేను అడగాల్సింది ఆ ఒక్క ప్రశ్నే.

సంతోషం, కోపం, భయం, నమ్మకం... ఇవేవీ చేతికి దొరికేవి కావు. ఎర్ర బంతి, పుల్లటి మామిడికాయ అన్నంత తేలిగ్గా వీటి ముందు విశేషణం పెట్టలేం. అందుకే పిల్లలు ‘చాలా’ దగ్గరో ‘సూపర్’ దగ్గరో ఆగిపోతారు. ‘చాలా కోపం’ అంటే కోపం ఎంతో తెలుస్తుంది కానీ ఎలాంటిదో తెలియదు. ఎలాంటిదని అడిగితే, పిల్లలు ఆ కోపాన్ని ఒక్క క్షణం ఎదురుగా పెట్టుకుని చూస్తారు. నాకు కావలసింది ఆ చూపే. దానిముందు హోంవర్కులో మార్కులు ఏపాటి?

ఈ పనికి తెలుగు ఎంత అనువైన భాషో! మన విశేషణాలకు లింగం పట్టింపు లేదు, వచనం పట్టింపు లేదు. మంచి పిల్ల, మంచి పిల్లవాడు, మంచి పిల్లలు, అన్నిటికీ ఒకే ‘మంచి’. పైగా ఏ క్రియనైనా నామం ముందుకు తెచ్చి విశేషణం చేసుకోవచ్చు. బడిలో దాన్ని క్రియాజన్య విశేషణం అంటారు. కాళ్లు ఆగవు అన్న మాట ‘కాళ్లు ఆగని’ అయి సంతోషం ముందు కూర్చుంది. నాలుగో తరగతి పిల్ల దాని పేరు తెలియకుండానే ఆ పని చేసేసింది.

పెద్ద పెద్ద భావాలను మనవాళ్లు చాలాసార్లు ‘కాదు, లేదు’లతోనే కొలిచారు. పట్టరాని కోపం, అంతులేని దుఃఖం, తీరని కోరిక, చెప్పలేని బాధ. ‘పట్టరాని’ అంటే ఏమిటో పిల్లలకు చూపించడం సులువు. దోసిట్లో నీళ్లు పోసి పట్టుకోమనండి. వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటే “ఇదీ, పట్టలేకపోవడం” అనండి. ఇక ఆ మాట మరిచిపోరు.

కొన్ని జంటలు మాత్రం తరతరాలుగా అతుక్కుపోయి ఉన్నాయి. అబద్ధానికి పచ్చి, చీకటికీ దరిద్రానికీ కటిక, మనసుకి నిండు. ‘నిండు అబద్ధం’ అని ఎవరూ అనరు, ‘కటిక సంతోషం’ అనీ అనరు. ఇవి సూత్రం చెబితే వచ్చేవి కావు, చెవిన పడాలి. వంటింట్లో పచ్చి పాలు, పచ్చి మామిడికాయ అంటున్నప్పుడే పచ్చి అబద్ధం సంగతీ ఎత్తండి. ఉడకనిదీ, ఏ ముసుగూ లేనిదీ పచ్చిది. మా అబ్బాయి అది విని, ‘అక్క మీద పచ్చి కోపం’ అన్నాడు. అప్పుడే పుట్టిన కోపమట. నేను దిద్దలేదు. వాడు ఆ మాటని చేత్తో తడిమి చూసి మరీ వాడాడు.

దిద్దవలసిన చోటు వేరే ఉంది. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో పలికే పిల్లలు ‘లోతైన నిద్ర’ అంటారు. నవ్వకండి. “అవును, గాఢ నిద్ర పట్టింది నీకు” అని మామూలుగా అని వదిలేయండి. నాలుగుసార్లు వింటే అదే నోట నిలుస్తుంది. కలత నిద్ర, మగత నిద్ర, కోడికునుకు కూడా అలాగే వినిపించండి. దొంగ నిద్ర సంగతి వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

పిల్లల స్వభావానికి మనం తగిలించే విశేషణాల గురించి నాకు ఇంకా ఎక్కువ పట్టింపు. బొమ్మ మళ్లీ మళ్లీ గీసి చెరిపి భోజనానికి రాని పిల్లని చూసి ‘మొండి పట్టు’ అనవచ్చు, ‘గట్టి పట్టు’ అనవచ్చు. పట్టు ఒకటే. మొండి అనే మాటకి ఎక్కడెక్కడ చోటుందో చూడండి: కప్పు లేని మొండి గోడలు, బ్యాంకులో వసూలు కాని మొండి బకాయిలు. రోజూ ఆ మాట వింటూ పెరిగే పిల్ల, తనలో ఏదో సగం తెగిపోయిందనే అనుకుంటుంది. ధైర్యానికి జోడిస్తే మాత్రం ఆ మొండికే ఒక అందం వస్తుంది. కాబట్టి మాట తప్పని కాదు, దేని పక్కన పెడుతున్నామో చూసుకోవాలి.

ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఈ అలవాటు అక్కరకొస్తుంది. మెలిపెట్టే నొప్పా, గుచ్చే నొప్పా, సలిపే నొప్పా అన్నది పిల్ల చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది.

ఐదో తరగతిలో మా అమ్మాయి బడి ఆటో ఎక్కనని మూడు రోజులు ఏడ్చింది. భయమంది. పడిపోతాననా? కాదు. డ్రైవరు కోప్పడతాడా? కాదు. ఇక నేను ఊహించడం మానేసి, “మరి ఎలాంటి భయం తల్లీ?” అని ఊరుకున్నాను. చాలాసేపు గౌను అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా, “ఇరుకు భయం” అంది. ఇద్దరు పెద్ద పిల్లల మధ్య కూర్చోబెడుతున్నారట, ఊపిరి ఆడటం లేదట.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, డ్రైవరుతో మాట్లాడి, గాలి తగిలే చోటికి మార్పించాను.