సందేహాలు – సమాధానాలు: దామెర్ల గీతా, శిష్యుల గీతా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత పెన్సిల్ బొమ్మ ఒకటి దొరికింది. కొప్పులో పూలు తురుముకుంటున్న అమ్మాయి. మూలన పొడి అక్షరాలున్నాయి. దామెర్ల రామారావుగారిదేనని మా బాబాయిలు గట్టిగా అంటున్నారు. తేల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: బొమ్మ చూడకుండా ఔననీ కాదనీ చెప్పలేనమ్మా. ఎలా చూడాలో మాత్రం చెబుతాను. పొడి అక్షరాల జోలికి అన్నిటికన్నా చివర వెళ్లండి. వాటిని ఎవరైనా, ఎప్పుడైనా రాయొచ్చు.

రామారావు పుట్టింది 1897లో. 1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. రాజమండ్రిలో తాను పెట్టిన చిత్రకళాశాలలో పాఠం చెప్పింది కొద్దికాలమే. ఆ తర్వాత దాన్ని నిలబెట్టింది మిత్రుడు వరద వెంకటరత్నం. గురువు బొమ్మకు నకలు తీసి చెయ్యి తిప్పుకోవడం ఏ చిత్రకళ బడిలోనైనా మామూలే. అది మోసం కాదు, సాధన. కాబట్టి దామెర్ల పోలిక ఉన్న ప్రతి బొమ్మా దామెర్లది కానక్కర్లేదు.

దీపాన్ని బొమ్మకు ఒక పక్కగా పెట్టి మోచేయి దగ్గర చూడండి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసినవాడు మొదట లేతగా రెండు మూడు గీతలతో వెతుక్కుంటాడు, కుదిరిన దాని మీద ఒత్తుతాడు. నకలు తీసేవాడికి వెతుకులాట ఉండదు. గీత ఒకే లావున సాగుతుంది, కళ్లు అసలు బొమ్మ మీదికి వెళ్లినప్పుడల్లా మధ్యలో ఆగుతుంది. మణికట్టు గాజు మరో గుర్తు. చూసి గీసిన గాజు చేతిని చుట్టి వెనక్కి వెళుతుంది. చూడకుండా గీసింది చేతి మీద అడ్డంగా అతికించినట్టుంటుంది.

ఈ తగువు మన ఒక్కరిదే కాదు. లియొనార్డోది ఎడమచేతి వాటం. నీడ కోసం ఆయన వేసిన సన్నగీతలు పైన ఎడమ నుంచి కిందికి కుడివైపు వాలుతాయి. కుడిచేత్తో గీసే శిష్యుల గీతలు ఎదురు వాలులో ఉంటాయి. అదీ తిరుగులేని సాక్ష్యమేం కాదు, ఆ వాలును కూడా అనుకరించినవాళ్లున్నారు.

ఒకసారి రాజమండ్రి వెళ్లి దామెర్ల ఆర్ట్ గ్యాలరీలో ఆయన పెన్సిల్ బొమ్మల ముందు తీరిగ్గా నిలబడండి. అందరూ రంగుల చిత్రాల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఆయన చెయ్యి తెలిసేది పెన్సిల్లోనే. ఒకవేళ మీది శిష్యుడి బొమ్మ అని తేలినా చిన్నబుచ్చుకోకండి. గురువు బొమ్మలకు గ్యాలరీ ఉంది, శిష్యులవి ఎన్నో మీవంటి ఇళ్ల పెట్టెల్లో మిగిలిపోయాయి.

ప్రశ్న: రామారావు, అడివి బాపిరాజు ఇద్దరూ కూల్డ్రే దొర శిష్యులే కదా, బొమ్మలు అంత వేరుగా ఎందుకుంటాయి?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఇద్దరికీ కళ్లు తెరిపించాడు, నిజమే బాబూ. దారులు ఆ తర్వాతే చీలాయి. రామారావు బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లి మనిషి ఒంటిని ఎముక నుంచి చదువుకున్నాడు. బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటోపాధ్యాయ దగ్గర చేరాడు. అక్కడిది బెంగాలు పద్ధతి, రంగు వేసి నీళ్లతో కడిగి మళ్లీ వేస్తారు. అలా కడిగిన రంగులో గీత మెత్తబడుతుంది. రామారావు గీత మాత్రం ఎక్కడా తల వంచదు.

ప్రశ్న: పాత పెన్సిల్ బొమ్మను లామినేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దండీ. ఒకసారి చేయిస్తే మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లో టేపు కూడా వద్దు, జిగురు పచ్చగా మారి కాగితంలోకి దిగుతుంది. పెన్సిల్ గీత వెలుతురుకు వెలిసిపోదు గాని కాగితం పెళుసెక్కుతుంది. పైగా మన వైపు వానాకాలపు చెమ్మకు బూజు పట్టడం ఎంతసేపు? ఫ్రేము కట్టిస్తే అద్దం కాగితానికి తగలకుండా చుట్టూ మౌంటు పెట్టించండి, వెనక ఆమ్లం లేని అట్ట వేయించండి. స్నానాలగది గోడకు తగిలించకండి. పేరూ ఊరూ రాయాలనిపిస్తే వెనకవైపు మూలన, మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా. బాల్‌పెన్ను మాత్రం దగ్గరికి రానీయకండి.