పితూరీ ఎవరిది?

మన హాస్టల్లో పితూరీ అంటే అందరికీ తెలుసు. రాత్రి గోడ దూకిందెవరో పొద్దున్నే వార్డెన్ సారుకి చెప్పడం. అందుకే సోషల్ క్లాసులో 'రంప పితూరీ' అనగానే వెనక బెంచీ అంతా నవ్వేసింది. నేనూ నవ్వాను. సారు కోప్పడలేదు. "ఆనాటి సర్కారు కాగితాల్లో పితూరీ అంటే తిరుగుబాటు. మీ ముత్తాతల తాతలు చేసింది" అన్నారు. తర్వాతి వారం ఒక పాత పుస్తకంలోని పేజీలు జిరాక్సు తీయించి మా చేతిలో పెట్టారు.

అది గోదావరి జిల్లా గెజిటియర్. హెమింగ్వే అనే ఇంగ్లీషు అధికారి 1907లో రాశాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నలుగురం మూడు ఆదివారాలు కూర్చుంటే గానీ అర్థం కాలేదు.

1879 మార్చిలో మన చోడవరం వైపు తిరుగుబాటు మొదలైంది. మన్సబుదారు ముఠాదార్ల దగ్గర ఎక్కువ శిస్తు గుంజేవాడు. కల్లు గీసుకుంటే చిగురుపన్ను కట్టాలి. అది చాలదన్నట్టు సర్కారు కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి, ఇంట్లోకి గీసుకునే కల్లుని కూడా కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. పల్లపు వ్యాపారులు అప్పులిచ్చి, కొండవాళ్ళు కోర్టుకి రాకుండానే డిక్రీలు తెచ్చుకుని ఉన్నదంతా పట్టుకుపోయేవారు. అణచడానికి ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతి దళం వచ్చిందట! కారణాలేమిటో విచారించి సల్లివాన్ అనే అధికారి సర్కారుకే రిపోర్టు ఇచ్చాడు. తర్వాత మన్సబు తీసేసి ముఠాదార్లకు సర్కారే నేరుగా ముఠాలిచ్చింది. అంటే అన్యాయం జరిగిందని దొరల కాగితమే ఒప్పుకుందన్న మాట.

అప్పుడు గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే అసలు ఫైళ్ళు చూడాలంటే చెన్నైలో ఎగ్మోరు దగ్గరున్న ఆర్కైవ్స్‌కి పోవాలి. ఆర్కైవ్స్ అంటే పాత సర్కారు కాగితాలు దాచిన భవనం.

దసరా సెలవులకి ఇంటికెళ్తే మా ఊళ్ళో అటవీ హక్కుల మీద గ్రామసభ పెట్టారు. మా తాత పోడు దరఖాస్తూ ఉంది. కింద నుంచి వచ్చిన ఒకాయన "1882 చట్టం నుంచీ ఇది సర్కారు అడవి, మీరే ఆక్రమించారు" అన్నాడు. నాకు కాళ్ళు వణికాయి. అయినా లేచి, "అయ్యా, 1879లోనే ఇక్కడ మా ముఠాలున్నాయని సర్కారే రాసుకుంది, కొండవాళ్ళ పోడు గురించీ రాసింది" అని ఆ పేజీలు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివాడు. ఏమీ అనలేదు.

తాత మాత్రం మెచ్చుకోలేదు. "రాసినోడు మన గుమ్మం ఎక్కాడా? కొండోడు అమాయకుడని రాశాడా, అయితే మా ముసలోళ్ళని చూళ్ళేదురా" అన్నాడు. తాత మాట నిజమే. మేం చదివిన పేజీల్లో పట్టుబడ్డవాళ్ళకీ చచ్చిపోయినవాళ్ళకీ పేర్లున్నాయి గానీ, అప్పుడు తిండి మోసిన ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పాత పుస్తకం ఒక్కటే చూపిస్తే పట్టా రాదు. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ సాగులో ఉండాలి. సాక్ష్యాలు ఒకటి కంటే ఎక్కువ చూస్తారు. గెజిటియర్లు, సర్వే రిపోర్టులు, మ్యాపులు ఆ జాబితాలో ఉన్నాయి. పాత బావులు, శ్మశానాలు కూడా ఉన్నాయి. దరఖాస్తుదారుడు కాని పెద్దవాళ్ళు చెప్పింది రాసిపెట్టినా సాక్ష్యమే. అందుకని పక్కింటి ముసలమ్మ చేత మా పోడు సంగతంతా చెప్పించి రాశాను. మా ముత్తాత నాటిన చింతచెట్టు, వాళ్ళ అమ్మని పాతిపెట్టిన చోటు, అన్నీ చెప్పింది. కింద వేలిముద్ర వేసింది. దరఖాస్తు ఇంకా తేలలేదు.

సంక్రాంతికి ఇళ్ళకి పోతున్నారు కదా. ట్రంకు పెట్టెల్లో పాత శిస్తు రసీదులు, ముఠాదారు సనదులు ఉన్నాయేమో అడగండి. కాగితం మాత్రం తేవద్దు, పోతుంది. నోటుబుక్కులో ఉన్నదున్నట్టు ఎక్కించుకుని, ఎవరింట్లో చూశారో పక్కన రాయండి. పండగ తర్వాతి గోడపత్రికలో అవన్నీ పెడదాం.

— పదో తరగతి విద్యార్థి