పాత ట్రాక్టరు బ్రేకులు విప్పి చూడాలా, వద్దా?

తొమ్మిదో తరగతిలో గమన సమీకరణాలు అందరమూ బట్టీ పట్టాం. పరీక్షలో వాటిని రైలుకీ, బస్సుకీ, మేడ మీంచి పడే రాయికీ వాడతాం. మన ఊళ్లలో రోజూ తిరిగేది మాత్రం ట్రాక్టరు. అందుకని ఈ లెక్కని ట్రాక్టరుకి వేసి చూశాను.

మా మావ దగ్గర ఒక పాత ట్రాక్టరు ఉంది. వయసులో నాకంటే పెద్దది. వేసవి సెలవుల్లో పసుపు బస్తాలు కొండ దిగి సంతకి వెళ్లాలి. కుడి బ్రేకు కాస్త మెత్తగా ఉందని మెకానిక్ అన్న చెప్పాడు. చక్రం ఊడదీసి, డ్రమ్ము విప్పి చూడాలన్నాడు. దానికి పూట పడుతుంది, కూలి అవుతుంది. మావ ఒప్పుకోలేదు. "నిన్న ఆగింది కాదేట్రా, ఇయ్యాల ఎందుకాగదు? నట్టు బిగించీ, సరిపోద్ది" అన్నాడు. వినడానికి ఆ మాట సబబుగానే ఉంది. నిజంగా సబబేనా అన్నదే ఈ పాఠం.

ముందు బ్రేకు సంగతి. ఇలాంటి పాత ట్రాక్టరుకి ముందు చక్రాలకి బ్రేకు ఉండదు, వెనక రెండింటికే ఉంటుంది. కుడికాలి దగ్గర రెండు పెడళ్లుంటాయి. ఒకటి ఎడమ చక్రానిది, ఒకటి కుడి చక్రానిది. దున్నేటప్పుడు గట్టు దగ్గర మలుపు తిప్పడానికి ఒక్క పెడలే తొక్కుతారు. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపి గడియ వెయ్యాలి. డ్రమ్ము లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి. వాటి మీద లైనింగు ఉంటుంది. పెడలు తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్ముకి ఒరుసుకుంటాయి. పుస్తకంలోని ఘర్షణ బలం అదే. ట్రాలీకి చాలాచోట్ల బ్రేకే ఉండదు. ట్రాలీ బరువు, సరుకు బరువు, అన్నీ ఆ రెండు డ్రమ్ములే ఆపాలి.

ఇప్పుడు లెక్క. ట్రాక్టరు 1800 కిలోలు, వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకి 5 మీటర్లు. బ్రేకులు 4500 న్యూటన్ల బలం ఇస్తాయనుకుందాం. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే ఋణత్వరణం 2.5 వస్తుంది. వేగం వర్గాన్ని (25) దాని రెట్టింపుతో భాగిస్తే 5 మీటర్లు. ఒట్టి ట్రాక్టరు 5 మీటర్లలో ఆగిపోతుంది.

వెనక ట్రాలీ తగిలించండి. ట్రాలీ, బస్తాలు కలిపి 3600 కిలోలు. మొత్తం 5400. బ్రేకు బలం అదే 4500. ఇప్పుడు ఆగడానికి 15 మీటర్లు కావాలి. బరువు మూడింతలయింది, దూరం కూడా మూడింతలయింది. ఇంతవరకు అందరూ ఊహించగలరు.

ఇక కొండ దిగుదాం. 20 మీటర్లు పోతే 1 మీటరు దిగే వాలు తీసుకుందాం. పాడేరు ఘాటీలో బస్సెక్కినవాళ్లకి ఇది పెద్ద వాలుగా అనిపించదు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, ఈ వాలులో 5400 కిలోల బండిని కిందికి లాగే బలం 2700 న్యూటన్లు. బ్రేకు 4500 నుంచి అది తీసేస్తే మిగిలేది 1800. అప్పుడు ఆగే దూరం 37.5 మీటర్లు. మన వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు. రెండు కోర్టులు వరసగా పెట్టినా చాలదన్నమాట. అదీ మంచి బ్రేకులతో! కాలు పెడలు మీదికి వెళ్లడానికి పట్టే ఒక సెకనులో బండి ఇంకో 5 మీటర్లు పోతుంది. దాన్ని నేను కలపలేదు.

అసలు విషయం ఇక్కడుంది. బ్రేకు బలం సగానికి పడిపోయిందనుకోండి, 2250 న్యూటన్లు. చదును రోడ్డు మీద అదే లోడు బండి 30 మీటర్లలో ఆగుతుంది. డ్రైవరు "కొంచెం దూరం తీస్తోంది" అనుకుని ఊరుకుంటాడు. అదే బండి వాలులో? కిందికి లాగేది 2700, పట్టుకునేది 2250. బ్రేకు పూర్తిగా తొక్కి ఉన్నా వేగం పెరుగుతూనే ఉంటుంది. ఆలస్యంగా ఆగడం కాదు, అసలు ఆగదు. మా మావ చెప్పిన "నిన్న" చదును మీది నిన్న. ఖాళీ ట్రాలీతో, ఊరి చెరువు గట్టు మీద ఆగిన బండి అది. దానికీ రేపటి దిగుడుకీ సంబంధం లేదు.

టైర్ల రాపిడిని, ఇంజను పట్టుని నేను లెక్కలో వెయ్యలేదు. అవి కొంత సాయం చేస్తాయి. అందుకే దిగుడులో చిన్న గేరులోనే దిగాలి, క్లచ్చి తొక్కకూడదు అంటారు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేవాళ్లు ఆ సాయం కూడా వదులుకున్నట్టే.

వేడి సంగతి కూడా చూడండి. 5400 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే పోయే స్థితిశక్తి 54 లక్షల జౌళ్లు. దాంతో సుమారు 18 లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచవచ్చు. ఇంజను పట్టుకోకపోతే ఆ వేడిలో చాలాభాగం ఆ రెండు డ్రమ్ముల్లోకే పోవాలి. లైనింగు బాగా వేడెక్కితే పట్టు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఘాటీ మొదట్లో పనిచేసిన బ్రేకు చివరిదాకా అలాగే పనిచేస్తుందని చెప్పలేం.

మరి విప్పాలో వద్దో ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ విప్పక్కర్లేదు. ట్రాలీ తీసేసి, చదునుగా ఉన్న మట్టి నేల మీద నెమ్మదిగా నడిపి, గడియ వేసి గట్టిగా తొక్కాలి. రెండు చక్రాల గీతలు సమానంగా ఉండాలి. బండి ఎడమకి లాగిందంటే ఎడమది బాగా పడుతోంది, కుడిది బలహీనంగా ఉందని అర్థం. లోడు మీద రోడ్డులో ఇలా లాగితే బండి తిరగబడవచ్చు. తర్వాత గడియ తీసి పెడళ్లని విడివిడిగా తొక్కి చూడాలి. ఒకటి ఎక్కువ కిందికి పోతుంటే నట్టు బిగించి మళ్లీ పరీక్ష చెయ్యాలి. బిగించాక కూడా పట్టకపోతే ఇక విప్పాల్సిందే. డ్రమ్ము దగ్గర నూనె తడి కనిపించినా, ఇనుము గీసుకున్నట్టు కర్రుమన్నా, బురద దమ్ము చేసి వచ్చాక పట్టు తగ్గినా అంతే. నట్టు బిగిస్తే షూ దగ్గరకి జరుగుతుంది, అంతే. లైనింగుకి అంటిన నూనె పోదు.

మా ఇంట్లో ఈ వాదన లెక్కతో తేలలేదు. ఘాటీ దిగేటప్పుడు మడ్‌గార్డు మీద ఒక కుర్రాడు చెక్క దుంగ పట్టుకుని కూర్చుంటాడు, చూశారు కదా? బండి ఆగకపోతే దూకి చక్రం కింద దుంగ వెయ్యడం వాడి పని. సెలవుల్లో ఆ పని మనలాంటివాళ్లదే. మా అత్త మావని ఒకే మాట అడిగింది: "బ్రేకు మంచిదైతే దుంగెందుకు? బ్రేకు మంచిది కాకపోతే పిల్లోడెందుకు?" మావ జాకీ తీశాడు.

ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఇరుసు కింద చెక్క దిమ్మలు పేర్చి, అప్పుడు మెకానిక్ అన్న కుడి చక్రం ఊడదీశాడు. ఇరుసు నూనె సీలు పోయి లైనింగు నల్లగా తడిసి ఉంది. పెట్రోలుతో కడిగి ఎక్కించేద్దామని మావ అంటే అన్న ఒప్పుకోలేదు. లోపలికి ఇంకిన నూనె వేడికి మళ్లీ పైకి వస్తుందట. కొత్త సీలు, కొత్త లైనింగులు వేశాడు. ఎడమవైపు కూడా మార్చాడు, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది కదా. బస్తాలు ఒకరోజు ఆలస్యంగా సంతకి వెళ్లాయి.

మీ ఊళ్లో ఎవరైనా డ్రమ్ము విప్పుతుంటే దగ్గరుండి చూడండి, కానీ లోపలి బూడిదని నోటితో ఊదకండి, ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చాలా హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారెయ్యాలి.