కొవ్వు, ఒత్తిడి, గుండె



బరువు తగ్గడానికి ఆపరేషన్ అనగానే "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటారా?" అని మనలో చాలామంది తేలికగా మాట్లాడతాం. స్థూలకాయం తిండిపోతుతనానికి ఫలితమన్న తలంపే ఈ మాటకు మూలం. ఒకరిమీద తీర్పు చెప్పేముందు వారి శరీరంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం న్యాయం.

కొవ్వు మూలన పడివున్న బస్తా కాదు. అది పనిచేసే కణజాలం. పొట్ట లోపల మితిమీరి పెరిగినప్పుడు రక్షక కణాలు అక్కడ చేరి, వాపు పుట్టించే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. పైకి జ్వరం లేదు, నొప్పి లేదు. కాని ఈ సన్నని సెగ ఏళ్ల తరబడి రగులుతూ రక్తనాళాల గోడలను పాడుచేస్తుంది. రక్తపరీక్షలో సి.ఆర్.పి. అనే ప్రోటీన్ పెరగడం ఇటువంటి వాపుకు ఒక గుర్తు.

ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ అడ్రినల్ గ్రంథుల నుండి వస్తుంది. అది దీర్ఘకాలం ఎక్కువగా ఉంటే రక్తపోటు, చక్కెర, పొట్ట చుట్టూ కొవ్వు పెరుగుతాయి. కొవ్వు కణజాలం సైతం పనిచేయని కార్టిసోన్‌ను కార్టిసాల్‌గా మార్చగలదు.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు తొలగిస్తారు. బైపాస్‌లో పైభాగాన్ని చిన్న సంచిగా చేసి పేగుకు కలుపుతారు. తినగలిగే పరిమాణం తగ్గడమే కాదు, ఆకలిని, తృప్తిని తెలిపే హార్మోన్లు కూడా మారతాయి. నెలలు గడిచేకొద్దీ సి.ఆర్.పి. తగ్గుతుంది, చాలామందికి రక్తపోటు, చక్కెర అదుపులోకి వస్తాయి. కార్టిసాల్ విషయంలో మాత్రం పరిశోధనల ఫలితాలు ఒకే తీరుగా లేవు. కాబట్టి ఆపరేషన్‌తో ఒత్తిడి మాయమవుతుందనే మాట నమ్మవద్దు.

మరి గుండె సంగతి? స్వీడన్‌లో 1987లో ఒక పెద్ద అధ్యయనం ఆరంభమైంది. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆపరేషన్ చేయించుకున్న 2010 మందిలో 28 మంది, చేయించుకోని 2037 మందిలో 49 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించారు. చీటీలు వేసి విభజించిన గుంపులు కావు గనుక దీన్ని తుది తీర్పు అనలేము. అయినా ఒక విషయం గమనించండి: ఎక్కువ మేలు పొందినవారు ఎక్కువ లావుగా ఉన్నవారు కాదు, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నవారు. అంటే అద్దం చెప్పలేనిది రక్తపరీక్ష చెప్పింది.

అందుకే పెళ్లిచూపుల కోసమో, అందం కోసమో ఈ నిర్ణయం తీసుకోకూడదు. ఆపరేషన్ తరువాత జీవితాంతం బి12, ఇనుము, కాల్షియం వంటివి వైద్యుల సలహాపై వాడాలి, రక్తపరీక్షలు మానకూడదు. స్త్రీలు కనీసం ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భధారణ వాయిదా వేసుకోవాలి.

మీ ఇంట ఎవరైనా ఈ చికిత్స చేయించుకుంటే, పండుగ భోజనంలో "ఇంకొక్క ముద్ద" అని బలవంతపెట్టకండి. వారు విస్తరిలో వదిలింది మీ వంటకు అవమానం కాదు.