దేహానికి కూడా హక్కుంది

ఒకసారి జిల్‌ఖద నెలలో, అసర్ నమాజు ముగిశాక ఒక సోదరుడు మస్జిదులోనే ఆగిపోయారు. శ్రీరాంపూర్ గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చిన మనిషి. ఇంటర్ చదివే కూతురు రమజాన్ వెళ్ళిపోయినా రోజాలు ఆపడం లేదని మొదట మురిసిపోయారట. షవ్వాల్ ఆరు రోజాలయ్యాయి, తర్వాత సోమ, గురువారాలు, ఆ తర్వాత దాదాపు రోజూ. సహరీకి లేవదు. ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, గ్లాసు నీళ్ళు. ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోయింది. అమ్మీ ఫోను తెరిచి చూస్తే సంగతి బయటపడింది. ఇరవై రోజుల్లో పది కిలోలు తగ్గిస్తామనే వీడియోలు వరుసగా ఉన్నాయి.

"మౌలానా! నా బిడ్డ ఈ రోజాలు ఎవరి కోసం ఉంటున్నట్టు?" అని అడిగారాయన.

నియ్యత్ సంగతి అల్లాహ్‌కే ఎరుక. ముందు బిడ్డను డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించమన్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 64 మందికి పైగా రక్తహీనత ఉంది. అలాంటి ఒంటికి పస్తులా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతిరోజూ రోజా ఉంటున్నారని తెలిసి దైవప్రవక్త (స) వారించారు. నీ దేహానికి నీపై హక్కుంది, నీ కంటికి నీపై హక్కుంది అని బోధించారు (బుఖారీ). అది నఫిల్ ఆరాధన కోసం తపించే సహాబీకి చెప్పిన మాట. నడుము సన్నబడటం కోసం పస్తులుండేవారి సంగతి వేరే చెప్పాలా?

అయితే తప్పంతా ఫోనుదేనా? ఆ అమ్మాయి తల్లితో చెప్పుకున్న మాట వినండి. ఒక షాదీలో ఖాలా నలుగురిలో 'మోటీ' అని పిలిచింది, అందరూ నవ్వారు, అమ్మీ కూడా నవ్వింది. వీడియోల కోసం వెతకడం ఆ రాత్రే మొదలైంది. పరిహాసాన్నీ, చెడ్డ పేర్లు పెట్టి పిలవడాన్నీ సూరె హుజురాత్ 11వ ఆయత్ స్పష్టంగా నిషేధించింది. ఆయత్ మనకు కంఠస్థమే, దస్తర్‌ఖాన్ దగ్గర మాత్రం గుర్తుకు రాదు. హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనాన్ని సూచిస్తూ అన్న ఒక్క మాటను, సముద్రపు నీటిలో కలిపితే దాన్నే పాడుచేసేంతటి మాటగా దైవప్రవక్త (స) పేర్కొన్నారు (అబూదావూద్).

ఆడపిల్లలకు వినిపించవలసిన ఉల్లేఖనాలు మరో రెండున్నాయి. తనకు కాస్త ఒళ్ళు రావాలని తల్లి ఎన్నో తినిపించి చూసిందనీ, చివరికి దోసకాయతో తాజా ఖర్జూరాలు తిని చక్కగా ఒళ్ళు చేశాననీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. దైవప్రవక్త (స)తో పరుగు పందెంలో ఒకసారి తాను గెలిచిందీ, ఒళ్ళు వచ్చాక ఆయన గెలిచిందీ ఆమే ఏ సంకోచమూ లేకుండా తెలియజేశారు. ఆనాటి తల్లి కూతురు ఒళ్ళు చేయాలని ఆరాటపడింది. నేటి కూతురు తగ్గాలని పస్తులుంటోంది. అందానికి కొలతలు మనుషులు పెట్టుకున్నవే, కాలంతో పాటు మారుతుంటాయి.

ఇక వీడియోల విషయం. ఎవరైనా వార్త తెస్తే నిజం విచారించమని అదే సూరా 6వ ఆయత్ ఆదేశిస్తోంది. బిడ్డ పక్కన కూర్చుని చూడండి. చెప్పేవాడు డాక్టరా? చివర్లో ఏ పొడి డబ్బా అమ్ముతున్నాడు? ఆ ముఖం నిజమా, ఫిల్టరా? వారానికి అర కిలో తగ్గడం క్షేమమనీ, రోజుకు 1000 కేలరీల కంటే తక్కువ తినకూడదనీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లెక్కన పది కిలోలకు ఇరవై వారాలు పడుతుంది, ఇరవై రోజులు కాదు. తమ శరీరం గురించి బాధపడే అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందన్నారని ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే ఉన్నట్టు 2021లో బయటపడింది.

ఫోను లాక్కోవడం తేలికే. కానీ లాక్కుంటే ఆమె స్నేహితురాలి ఫోనులో చూస్తుంది, మీకు చెప్పడం మానేస్తుంది. నెలసరి ఆగినా, తిన్నది కక్కుతున్నా, జుట్టు విపరీతంగా రాలుతున్నా మాత్రం ఆలస్యం చేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నిజంగానే బరువు ఎక్కువైతే ఆ మాట కూడా డాక్టరే చెప్పాలి, షాదీకి వచ్చిన ఖాలా కాదు.

ఆ సోదరుని బిడ్డకు రక్తం తక్కువగా ఉందని తేలింది. నఫిల్ రోజాలు ప్రస్తుతానికి ఆపమన్నారు డాక్టరు. రాత్రి భోజనం ఇప్పుడు అందరూ ఒకే దస్తర్‌ఖాన్‌పై చేస్తున్నారట, తోటకూర పప్పు, గుడ్డు ఆమెకూ వడ్డిస్తున్నారట. ఖాలాకు ఫోను చేసి ఆ పేరుతో ఇక పిలవొద్దని చెప్పింది అమ్మీయేనట.